మోషన్ టెస్ట్ నెగటివ్ అంటుంది, కడుపులో మంట తగ్గదు: హెచ్. పైలోరీ టెస్ట్ సంగతులు

ముందే చెప్పేస్తున్నాను, ఈ ఎపిసోడ్ మొత్తం మోషన్ గురించే. టిఫిన్ చేస్తూ ఫోన్ చూసే అలవాటు ఉన్నవాళ్ళు పాజ్ కొట్టి, తినేసి, చెయ్యి కడుక్కుని రండి. ఏం పర్లేదు, నేనెక్కడికీ పోను.

నేను ల్యాబ్‌లో మైక్రోబయాలజీ సెక్షన్‌లో పని చేస్తాను. మూత మీద పేరు రాసి, నల్ల కవర్లో చుట్టి, ఎవరూ చూడకుండా కౌంటర్ మీద పెట్టి వెళ్ళిపోతారు చూడండి, ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బాలు తెరిచేది మేమే. సిగ్గు పడాల్సింది ఏమీ లేదు. మాకు అది ఒక శాంపిల్, అంతే. కానీ ఆ డబ్బా మా దగ్గరికి రాకముందు ఇంట్లో జరిగే విషయాల వల్ల రిపోర్ట్ తప్పు రావొచ్చు. ఈరోజు ముఖ్యంగా దాని గురించే మాట్లాడుకుందాం.

మన దగ్గర పొట్టకి వచ్చే ప్రతి బాధకీ ఒకటే పేరు, గ్యాస్. పైన మండినా గ్యాసే, కింద నొప్పి పెట్టినా గ్యాసే, తేన్పులు వచ్చినా గ్యాసే. మెడికల్ షాపుకి వెళ్ళి "అన్నా, గ్యాస్ టాబ్లెట్ ఒక స్ట్రిప్ ఇవ్వు" అంటే చాలు, ఏ చీటీ అడగరు. పొద్దున్నే పరగడుపున ఒకటి వేసుకుంటారు, హాయిగా ఉంటుంది. మానేస్తే మళ్ళీ మొదలు. ఇలా నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు గడిచిపోతాయి. అందరికీ వెనక పెద్ద కారణం ఉంటుందని నేను అనను. కానీ కొందరి కడుపులో ఒక బ్యాక్టీరియా కాపురం పెట్టి ఉంటుంది. దాని పేరు హెలికోబ్యాక్టర్ పైలోరీ. పొట్టిగా హెచ్. పైలోరీ.

ఇది మెలి తిరిగిన మేకులాగా ఉంటుంది. తోకల్లాంటి పోగులు ఊపుకుంటూ కడుపు లోపలి గోడ మీద ఉండే జిగురు పొరలోకి దూరుతుంది. కడుపులో అంత యాసిడ్ ఉంటే ఎలా బతుకుతుంది అంటారా? యూరియేజ్ అనే ఎంజైమ్‌ని తయారు చేసుకుంటుంది. అది యూరియాని విడగొట్టి అమ్మోనియా చేస్తుంది, ఆ అమ్మోనియా చుట్టూ ఉన్న యాసిడ్‌ని చల్లారుస్తుంది. తన చుట్టూ తనే గొడుగు పట్టుకున్నట్టు. ప్రపంచంలో దాదాపు సగం మంది కడుపుల్లో ఇది ఉందని అంచనా. ఎక్కువగా చిన్నప్పుడే, ఇంట్లోవాళ్ళ నుంచో, శుభ్రంగా లేని నీళ్ళ నుంచో వస్తుంది. వచ్చినవాళ్ళలో చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ ఉండదు. కొందరికి కడుపులోనో, చిన్న పేగు మొదట్లోనో పుండు, అంటే అల్సర్ వస్తుంది. చాలా కొద్దిమందికి ఏళ్ళ తర్వాత కడుపు క్యాన్సర్ దాకా వెళ్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లోనే దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి గ్రూపులో పెట్టింది. పొగాకు కూడా ఆ గ్రూపులోనే ఉంది.

అల్సర్ అంటే కారం తినడం వల్ల, టెన్షన్ వల్ల వస్తుందని మన అమ్మమ్మలే కాదు, ఒకప్పుడు డాక్టర్లు కూడా నమ్మేవాళ్ళు. ఆ నమ్మకాన్ని పగలగొట్టింది ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో ఇద్దరు, రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్. వారెన్ మైక్రోస్కోప్‌లో ఈ మెలికల బ్యాక్టీరియాని చూశాడు. మార్షల్ దాన్ని ల్యాబ్‌లో పెంచాలని చూశాడు. రెండు రోజులు చూసి, ఏమీ పెరగలేదని ప్లేట్లు పారేసేవాళ్ళు. 1982లో ఈస్టర్ సెలవులు వచ్చాయి, ప్లేట్లు ఇంక్యుబేటర్‌లోనే ఇంకొన్ని రోజులు ఉండిపోయాయి. తిరిగొచ్చి చూస్తే కాలనీలు! ఇది నిదానంగా పెరిగే జాతి, ఇన్నాళ్ళూ తొందరపడి పారేశారు. మా ల్యాబ్‌వాళ్ళకి ఈ కథ ఎన్నిసార్లు విన్నా ముచ్చటే. అయినా ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తనే తాగేశాడు. కొన్ని రోజులకి వికారం, వాంతులు. పదో రోజు ఎండోస్కోపీ చేస్తే కడుపు గోడకి వాపు. ఆయనకి అల్సర్ వచ్చిందని రీల్స్‌లో చెప్తుంటారు, అది నిజం కాదు, గ్యాస్ట్రైటిస్ వచ్చింది. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. ఇంట్లో ట్రై చేసే పని మాత్రం కాదు ఇది.

సరే, మన కడుపులో ఉందో లేదో తెలుసుకోవడం ఎలా? ఎండోస్కోపీ చేసి చిన్న ముక్క తీసి చూడొచ్చు. గొట్టం లేకుండా చేసేవి మూడు: ఊదే టెస్ట్, రక్తం టెస్ట్, మోషన్ టెస్ట్. ఊదే టెస్ట్, అంటే యూరియా బ్రెత్ టెస్ట్, చాలా మంచి టెస్ట్. గుర్తు పెట్టిన కార్బన్ ఉన్న యూరియా తాగించి, తర్వాత ఊపిరిలో ఆ కార్బన్ కనిపిస్తుందేమో చూస్తారు. ఇందాక చెప్పిన యూరియేజ్ ఎంజైమ్ ఇక్కడ దాన్నే పట్టిస్తుంది. కాకపోతే దానికి ప్రత్యేకమైన మెషీన్ కావాలి, అన్ని ఊళ్ళలో దొరకదు. మోషన్ శాంపిల్‌కి అయితే డబ్బా చాలు.

రక్తం టెస్ట్ దగ్గర కాస్త ఆగుదాం. కరోనా టైమ్ గుర్తు తెచ్చుకోండి. ముక్కులో పుల్ల పెట్టి, కార్డు మీద చుక్కలు వేసి, గీతలు చూశాం కదా. అది యాంటిజెన్ టెస్ట్, వైరస్ ముక్కలు ఇప్పుడు ఉన్నాయా అని చూసేది. తర్వాత రక్తం తీసి యాంటీబాడీలు చూశారు. అది ఎప్పుడో ఒకప్పుడు వచ్చి వెళ్ళిందా అని చూసేది. ఇక్కడా అంతే తేడా. రక్తంలో హెచ్. పైలోరీ ఐజీజీ పాజిటివ్ అంటే మీ శరీరం ఆ బ్యాక్టీరియాని ఎప్పుడో చూసింది అని మాత్రమే. ఇప్పుడు ఉందో లేదో అది చెప్పలేదు. మందులు వాడి పూర్తిగా పోయినా నెలలు, సంవత్సరాలు పాజిటివ్‌గానే చూపిస్తుంది. అది చూసి మళ్ళీ మళ్ళీ యాంటీబయాటిక్స్ వాడినవాళ్ళు ఉన్నారు. మోషన్‌లో చూసేది యాంటిజెన్. కడుపు గోడ మీది పొర ఎప్పటికప్పుడు రాలుతుంటుంది, దానితోపాటు ఈ బ్యాక్టీరియా కూడా రాలి పేగులన్నీ దాటి బయటికి వస్తుంది. దారిలో చాలావరకు చచ్చి ముక్కలైపోతుంది, పర్లేదు. ఆ ప్రొటీన్ ముక్కలని పట్టుకునేదే ఈ టెస్ట్.

కాబట్టి చీటీ మీద ఏం రాశారో చూడండి. "హెచ్. పైలోరీ స్టూల్ యాంటిజెన్" అని ఉండాలి. ఉత్తి "స్టూల్ రొటీన్" అంటే నులిపురుగుల గుడ్లు, అమీబా, చీము కణాలు చూసేది. "స్టూల్ కల్చర్" అంటే టైఫాయిడ్ లాంటివి పెంచి చూసేది. ఈ రెండిట్లోనూ హెచ్. పైలోరీ బయటపడదు. "మోషన్ టెస్ట్ చేయించా, నార్మల్ వచ్చింది" అని చెప్పేవాళ్ళలో కొందరు చేయించింది రొటీన్ మాత్రమే.

ఇప్పుడు అసలు విషయం. ఒక అబ్బాయి సంగతి చెప్తాను, ఊరు, పేరు వద్దు. 24 ఏళ్ళు, బైక్ మీద ఫుడ్ డెలివరీ. రాత్రి రెండింటికి కడుపు నొప్పితో మెలకువ వస్తుంది, రెండు బిస్కెట్లు తింటే తగ్గుతుంది, మళ్ళీ పడుకుంటాడు. ఇంకెక్కడో యాంటిజెన్ టెస్ట్ చేయించాడు, నెగటివ్. "నీకేం లేదు, టైమ్‌కి తిను" అన్నారు ఇంట్లో. నొప్పి పోలేదు. డాక్టర్ మళ్ళీ రాస్తే మా దగ్గరికి వచ్చాడు. మేము శాంపిల్ తీసుకునే ముందు అడుగుతాం, ఏమైనా మందులు వాడుతున్నారా అని. లేదండీ అన్నాడు. ఏమీ వాడట్లేదా? లేదండీ. గ్యాస్ టాబ్లెట్ కూడా? "అదా... అది రోజూ వేసుకుంటానండీ. గ్యాస్ టాబ్లెట్ టాబ్లెట్ కాదు కదండీ." ఎనిమిది నెలల నుంచి రోజూ ప్యాంటోప్రజోల్!

ఈ మాట మేము వారానికి ఎన్నిసార్లు వింటామో లెక్కే లేదు. గ్యాస్ టాబ్లెట్ టాబ్లెట్ కాదు, అది విటమిన్ లాంటిది అనుకుంటారు. కానీ ఈ టెస్ట్‌ని చెడగొట్టే మందుల్లో ముందు వరస దానిదే. ప్యాంటోప్రజోల్, ర్యాబెప్రజోల్, ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్, ఇవి యాసిడ్‌ని బాగా తగ్గిస్తాయి. యాసిడ్ తగ్గితే హెచ్. పైలోరీ చావదు, కానీ సంఖ్య తగ్గిపోతుంది, కడుపు పై భాగంలోకి సర్దుకుంటుంది. మోషన్‌లోకి వచ్చే యాంటిజెన్ తగ్గి, కిట్ పట్టుకునే గీత కిందికి పడిపోతుంది. రిపోర్ట్ నెగటివ్. దొంగ ఇంట్లోనే ఉన్నాడు, లైట్ ఆపేసి కూర్చున్నాడు.

అందుకే టెస్ట్‌కి ముందు ఈ టాబ్లెట్లు రెండు వారాలు ఆపమంటారు. మీ స్ట్రిప్ ఏ కంపెనీదైనా సరే, ముందున్న పెద్ద పేరు కాదు, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేరు చదవండి. చివర "ప్రజోల్" అని ఉంటే అదే జాతి. ఫోన్ కెమెరాతో ఫోటో తీసి జూమ్ చేస్తే చక్కగా కనిపిస్తుంది. పేరు పక్కన "డి", "డీఎస్ఆర్" లాంటి అక్షరాలు ఉన్నా లోపల ప్రజోల్ ఉండొచ్చు, చూసుకోండి. వోనోప్రజాన్ అని కొత్తగా వస్తున్నదానికీ ఇదే రూల్. యాంటీబయాటిక్స్ అయితే నాలుగు వారాలు. జలుబుకో, పంటి నొప్పికో వేసుకున్నవి కూడా లెక్కే. బిస్మత్ ఉన్న మందులకీ నాలుగు వారాలే.

ఆపండి అన్నాను కదా అని ఈ రాత్రికే ఆపేయకండి. గుండెకి ఆస్పిరిన్ వాడేవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, ఇంతకు ముందు అల్సర్ నుంచి రక్తం పోయినవాళ్ళు సొంతంగా ఆపితే ప్రమాదం. వాళ్ళకి ఆ టాబ్లెట్ కాపలా. డాక్టర్‌ని అడిగే ఆపాలి. మిగతావాళ్ళకి ఇంకో ఇబ్బంది ఉంది. నెలల తరబడి వాడి ఒక్కసారి ఆపితే యాసిడ్ ముందుకంటే ఎక్కువ ఊరుతుంది. మొదటి వారం మంట పెరుగుతుంది. "చూశారా, టాబ్లెట్ లేకపోతే నేను బతకలేను" అని మళ్ళీ వేసేసుకుంటారు. ఆ రెండు వారాలకి పింక్ రంగు యాంటాసిడ్ సిరప్‌లు తాగొచ్చు, వాటివల్ల మోషన్ టెస్ట్‌కి పెద్ద ఇబ్బంది ఉండదు. అవసరమైతే ఫ్యామోటిడిన్ లాంటిది డాక్టర్ ఇస్తారు. ఆపడం అసలు కుదరకపోతే ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పండి. టాబ్లెట్ వేసుకుంటూ చేసినా పాజిటివ్ వస్తే ఆ పాజిటివ్‌ని నమ్మొచ్చు. నమ్మలేనిది నెగటివ్‌నే.

ఆ అబ్బాయిని ఆరోజు శాంపిల్ తీసుకోకుండానే పంపేశాం. డాక్టర్‌తో మాట్లాడి టాబ్లెట్ ఆపి, రెండు వారాల తర్వాత డబ్బా తెచ్చాడు. పాజిటివ్.

శాంపిల్ ఎలా పట్టాలి? ఇది ఎవరూ చెప్పరు. డబ్బా చేతికిచ్చి "పొద్దున తీసుకురండి" అంటారు, అంతే. పరగడుపున అక్కర్లేదు, పొద్దున్నదే కావాలని కూడా లేదు, ఏ టైమ్‌లో వచ్చినా పనికొస్తుంది. ముందు యూరిన్ పోసేసి రండి, రెండూ కలవకూడదు. మన కింద కూర్చునే బాత్రూమ్‌లో అయితే పళ్ళెం మీద శుభ్రమైన ప్లాస్టిక్ కవరో, పేపరో పరిచి దాని మీద వెళ్ళండి. వెస్ట్రన్ కమోడ్ అయితే సీటు కింద కవర్‌ని వదులుగా కట్టి, సీటు దించి కూర్చోండి. నీళ్ళలో పడినదాన్ని తీసి తేవద్దు. జెట్ స్ప్రే తర్వాత వాడండి. డబ్బా మూతకే చిన్న చెంచా ఉంటుంది, దానితో వేరుశనగ గింజంత, రెండు గింజలంత చాలు. డబ్బా నిండా తెచ్చేవాళ్ళు ఉన్నారు, మూత తిప్పగానే మా పరిస్థితి మీరే ఊహించుకోండి. బయట అంటకుండా మూత గట్టిగా బిగించి, పేరు, టైమ్ రాసి, కవర్లో పెట్టండి. హార్పిక్, ఫినాయిల్ తగలకూడదు.

వెంటనే తేలేకపోతే ఫ్రిజ్‌లో కింద అరలో పెట్టొచ్చు, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటే మూడు రోజుల దాకా చాలా కిట్లు ఒప్పుకుంటాయి. రెండు కవర్లు వేసి, ఇంట్లోవాళ్ళకి చెప్పి పెట్టండి, లేకపోతే ఇల్లు పీకి పందిరేస్తారు. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో సగం రోజు తిప్పిన శాంపిల్ మాత్రం వద్దు. నీళ్ళ విరేచనాలు అవుతున్నప్పుడు కూడా టెస్ట్ వాయిదా వేయండి. పలచబడిన శాంపిల్‌లో యాంటిజెన్ కూడా పలచబడుతుంది.

ల్యాబ్‌లో రెండు రకాలుగా చేస్తాం. ఒకటి కార్డు, ప్రెగ్నెన్సీ కిట్‌లాగా గీతలు వస్తాయి. ఇంకోటి ఎలైజా, మెషీన్ రంగు చదివి అంకె ఇస్తుంది. మోనోక్లోనల్ యాంటీబాడీలతో చేసే ఎలైజా ఎక్కువ నమ్మకం. అంకె కటాఫ్‌కి చాలా దగ్గరగా ఉంటే "ఈక్వివోకల్" అని రాస్తాం, అంటే అటూ ఇటూ కాదు, మళ్ళీ చేయండి అని. పాజిటివ్‌లో అంకె పెద్దగా ఉంటే జబ్బు ముదిరింది అని కాదు. గూగుల్‌లో వెతికి నిద్ర పాడుచేసుకోవద్దు.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. మోషన్ తారులాగా నల్లగా, జిగటగా వస్తున్నా, వాంతిలో రక్తమో, కాఫీ పొడిలాంటిదో పడినా డబ్బా పట్టుకుని ల్యాబ్‌కి రాకండి, నేరుగా హాస్పిటల్ ఎమర్జెన్సీకి వెళ్ళండి. ఐరన్ మాత్రలకీ, బిస్మత్‌కీ కూడా మోషన్ నల్లబడుతుంది. కానీ కళ్ళు తిరగడం, నీరసం తోడైతే అది తేల్చుకునేది ఇంట్లో కూర్చుని కాదు. కారణం లేకుండా బరువు తగ్గడం, ముద్ద మింగుడు పడకపోవడం, ఆగని వాంతులు, రక్తం తక్కువగా ఉందని తేలడం, యాభై దాటాక కొత్తగా మొదలైన కడుపు బాధ, ఇంట్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ ఉండటం, వీటిల్లో ఏది ఉన్నా ముందు డాక్టర్‌ని కలవాలి, ఎండోస్కోపీ అవసరం పడొచ్చు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు తరచుగా వేసుకునేవాళ్ళకి హెచ్. పైలోరీ లేకపోయినా అల్సర్ రావొచ్చు, అది కూడా డాక్టర్‌కి చెప్పాలి.

ఏ బాధా లేనివాళ్ళు సరదాగా ఫుల్ బాడీ ప్యాకేజీలో దీన్ని కలుపుకోవడం నాకు నచ్చదు. సగం జనాభాలో ఉండేదాన్ని వెతికితే దొరుకుతుంది. దొరికితే రెండు వారాలు బలమైన మందులు వాడటానికి సిద్ధంగా ఉంటేనే వెతకాలి.

మందుల గురించి కొద్దిగానే చెప్తాను, రాయాల్సింది డాక్టర్ కాబట్టి. ఎక్కువగా 14 రోజులు, ఒక ప్రజోల్‌తోపాటు రెండు యాంటీబయాటిక్స్, చాలాసార్లు బిస్మత్ కూడా. టెట్రాసైక్లిన్ ఉంటే పాలు, పెరుగుతో కలిపి వేసుకోకూడదు, అందులోని క్యాల్షియం మందుని పట్టేసుకుంటుంది. పెరుగన్నం తిన్న వెంటనే కాకుండా, డాక్టర్ చెప్పిన గ్యాప్ ఇవ్వండి. మెట్రోనిడజోల్ వాడుతుంటే మందు కొట్టొద్దు. నోట్లో చేదు, ఇనుము రుచి వస్తుంది. నాలుక నల్లబడితే బిస్మత్ వల్లే, భయం లేదు. నాలుగో రోజుకే మంట తగ్గిపోయి "ఇంకెందుకులే" అనిపిస్తుంది. సగంలో ఆపితే మిగిలిన బ్యాక్టీరియా ఆ మందుకి లొంగకుండా తయారవుతుంది. క్లారిత్రోమైసిన్, మెట్రోనిడజోల్ లాంటివి చాలాచోట్ల ముందంత పని చేయకపోవడానికి మనం ఇష్టమొచ్చినట్టు మింగిన యాంటీబయాటిక్స్ కూడా కారణం.

కోర్స్ అయ్యాక పోయిందో లేదో మళ్ళీ చూడాలి. చాలామంది ఈ టెస్ట్ చేయించరు, నొప్పి పోతే రోగం పోయినట్టే అనుకుంటారు. చివరి యాంటీబయాటిక్ వేసుకున్న రోజు నుంచి కనీసం నాలుగు వారాలు ఆగి, ప్రజోల్ ఆపి రెండు వారాలు అయ్యాక మళ్ళీ అదే మోషన్ యాంటిజెన్, లేదా ఊదే టెస్ట్. రక్తం టెస్ట్ ఇక్కడ అసలు పనికిరాదు. మన డెలివరీ అబ్బాయి కోర్స్ అయిన పదో రోజే డబ్బాతో దిగాడు, ఉత్సాహం ఆగక. వెనక్కి పంపాం. ఫోన్‌లో రిమైండర్ పెట్టించాం, ఒకటి ప్రజోల్ ఆపే రోజుకి, ఇంకోటి శాంపిల్ ఇచ్చే రోజుకి. మీరూ కోర్స్ మొదలుపెట్టిన రోజే ఆ రెండు తేదీలు ఫోన్‌లో వేసేసుకోండి, తర్వాత గుర్తుండదు. రెండో టెస్ట్‌లో కూడా పాజిటివ్ వస్తే అవే మందులు మళ్ళీ షాపులో కొనుక్కోవద్దు, ఈసారి యాంటీబయాటిక్స్ మారుస్తారు, పాత చీటీ తీసుకుని వెళ్ళండి.

వచ్చే ఎపిసోడ్ థైరాయిడ్ రిపోర్ట్ చదవడం మీద. ఉంటాను.